38 వేల ఫాలోవర్లు, 27 మంది జనం

ప్రశ్న: ఈ వారం ఉత్తరం కాజీపేట నుంచి వచ్చింది. రాసినతనికి 24 ఏళ్లు, పేరు వేయొద్దన్నాడు. నాన్న రైల్వే ఉద్యోగి, ఉండేది రైల్వే క్వార్టర్స్‌లో. బీటెక్ అయిపోయింది. పగలు హన్మకొండలో ఒక మొబైల్ షాపులో పని, రాత్రి పాటలు రాసుకోవడం. వరంగల్ యాసలో ర్యాప్ చేస్తాడు. పోయిన వానాకాలం, లేటుగా వచ్చే ప్యాసింజర్ బండి కోసం ప్లాట్‌ఫారం మీద పడిగాపులు పడే జనం మీద 40 సెకన్ల సరదా రీల్ చేస్తే 14 లక్షల వ్యూస్ వచ్చాయి. 3 వేల ఫాలోవర్లు 38 వేలయ్యారు. ఆ ఊపులో అప్పు చేసి, అమ్మ గురించి రాసుకున్న పూర్తి పాటను యూట్యూబ్‌లో వదిలితే 2,100 వ్యూస్ దగ్గర ఆగిపోయింది. తర్వాత నయీంనగర్‌లో ఒక కేఫ్ వాళ్లను ఒప్పించి 99 రూపాయల టికెట్‌తో షో పెట్టాడు. వచ్చింది 27 మంది. అందులో 16 మంది దోస్తులు, చుట్టాలే. "38 వేల మంది ఉన్నోనికి 27 మంది వస్తే ఎట్లుంటది చెప్పు అక్కా, మస్తు ఇజ్జత్ పోయినట్టు అయింది" అంటాడు.

ఇప్పుడతని ముందు నాలుగు దారులున్నాయి. హైదరాబాద్‌లో ఒక ప్రమోషన్ ఏజెన్సీ 45 వేలు కడితే తర్వాతి పాటకు 10 లక్షల వ్యూస్, 5 వేల సబ్‌స్క్రైబర్లు గ్యారంటీ అంటోంది. లోకల్ లీడర్ ఒకాయన అనుచరులు "అన్న పుట్టినరోజుకు పాట కొట్టు, 30 వేలు ఇస్తం" అంటున్నారు. కరీంనగర్ ర్యాపర్ ఒకడు లైవ్‌లో ఇతని షోను ఎగతాళి చేశాడట, వాడి మీద డిస్ ట్రాక్, అంటే వాణ్ని తిడుతూ ఒక ర్యాప్ పాట వదలమని దోస్తులు ఎగదోస్తున్నారు. ఇంకో దోస్తు మాత్రం ఈ యాసతో ఇక్కడే ఉంటే లాభం లేదు, హైదరాబాద్‌కు మకాం మార్చి హిందీ, ఇంగ్లిష్ కలిపి రాయి అంటున్నాడు. వీటన్నిటి మీద నాన్నగారు రైల్వే పరీక్షల పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ 27 మంది లెక్క తేలుద్దాం. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

నువ్వు 38 వేలను, 27ను పక్కపక్కన పెట్టుకుని బాధపడుతున్నావు. ఆ పోలికే తప్పు. నీ ఫాలోవర్లలో హైదరాబాద్ వాళ్లు 31 శాతం, వరంగల్ వాళ్లు 4 శాతం అని ఇన్‌స్టాగ్రామ్ చూపించే లెక్కలు (ఇన్‌సైట్స్) చూసి నువ్వే రాశావు. 38 వేలలో 4 శాతమంటే 1,500 పైచిలుకు. ఆదివారం సాయంత్రం ఆటో ఎక్కి నయీంనగర్ రాగలిగేది వాళ్లే. గుంటూరులో ఉన్నవాడు, డల్లాస్‌లో చదువుకుంటున్నవాడు నీ రీల్ కింద నవ్వే బొమ్మ పెడతారు, పది మందికి పంపుతారు, షోకు మాత్రం ఎలా వస్తారు? ఆ 1,500 మందికైనా నీ షో సంగతి తెలిసిందా? రెండు స్టోరీలు పెట్టానన్నావు. స్టోరీ 24 గంటల్లో పోతుంది, ఫాలో అయ్యేవాళ్లందరికీ కనిపించదు కూడా. ఆ స్టోరీలను ఎంతమంది చూశారో, వాళ్లలో వరంగల్ వాళ్లు ఎందరుంటారో వేళ్ల మీద లెక్కేసుకో. అప్పుడు ముక్కూమొహం తెలియని 11 మంది డబ్బు పెట్టి రావడం అంత చిన్న సంగతేం కాదని నీకే అనిపిస్తుంది.

రీల్ సంగతి కూడా అంతే. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌ను నిన్ను ఫాలో కానివాళ్లకే ఎక్కువగా చూపిస్తుంది. ఎంతసేపు చూశారు, లైక్ కొట్టారా, ఇంకొకరికి పంపారా అన్నవి తాము ముఖ్యంగా చూసుకుంటామని ఆ సంస్థ అధిపతి ఆడమ్ మోస్సేరి 2025 మొదట్లో బయటికే చెప్పాడు. నీ ప్యాసింజర్ రీల్‌ను జనం ఎడాపెడా పంపుకున్నారు, ఎందుకంటే అందులో ప్రతివాడికీ తన స్టేషనే కనిపించింది. నచ్చింది ఆ జోకు. అది చెప్పిన మనిషి ఎవరో వాళ్లలో చాలామంది పట్టించుకోలేదు. వాళ్లను నవ్వించిన నాలుగు రోజులకే నాలుగు నిమిషాల దుఃఖం పాట కోసం ఇంకో యాప్‌లోకి రమ్మంటే రారు. అందులో నీ పాట లోపమేమీ లేదు.

ఉత్తరం రెండో పేజీ అడుగున ఒక మాట రాసి వదిలేశావు. "జనగామ నుంచి ఒక పిలగాడు ఒక్కడే ట్రైన్ల వచ్చిండు. అమ్మ పాట మొత్తం నాతోని పాడిండు. ఆఖరి బండికి పోయిండు." నాకైతే మొత్తం ఉత్తరంలో అసలు కబురు ఇదే. అతను వచ్చింది 14 లక్షల రీల్ కోసం కాదు, నువ్వు ఫ్లాప్ అంటున్న 2,100 వ్యూస్ పాట కోసం. అతని పేరు అడిగావా? నంబరు తీసుకున్నావా? సెల్ఫీ దిగి పంపించేసి ఉంటావని నా అనుమానం. అతను నిన్ను ట్యాగ్ చేసే ఉంటాడు, వెతికి పట్టుకో. అతను, ఆ మిగతా పది మంది నీకు ఎలా దొరికారో, నీ పాట వాళ్లకు ఎవరు వినిపించారో అడిగి తెలుసుకో. అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టు. కొత్త పాట రెండు రోజుల ముందు ఆ గ్రూపులో వినిపించు. తర్వాతి షోకు ఒక్కొక్కరూ ఇద్దరిని తీసుకొస్తే టికెట్ సగం ధరకే అను. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షల ఫాలోవర్లున్న పిల్లలు తెల్లారేసరికి ఎవరికీ కాకుండా పోయారు. ఫోన్ నంబర్లు దాచుకున్నవాళ్లు ఆ తర్వాత రీల్స్‌లోకో, యూట్యూబ్‌లోకో తమవాళ్లను వెంట తీసుకెళ్లగలిగారు.

ఇక యాస. దీని మీద నా అభిప్రాయం దాచుకోను, వరంగల్ యాస వదలొద్దనే నా మాట. అయితే రెండు వైపులా చెబుతాను, తేల్చుకునేది నువ్వు. ముంబైలో కుర్లా కుర్రాడు, ర్యాపర్ నేజీ 2014లో ఐప్యాడ్‌తో వీడియో తీసుకుని బయటికొచ్చాడు. మరుసటి ఏడాది ఇంకో ముంబై ర్యాపర్ డివైన్‌తో కలిసి తమ గల్లీల్లోనే తీసిన పాట వదిలాడు. వాళ్ల కథల ప్రేరణతో 'గల్లీ బాయ్' సినిమా వచ్చింది 2019లో. అంటే బాలీవుడ్ తలుపు తట్టేనాటికే వాళ్ల గల్లీలు వాళ్ల వెంట ఉన్నాయి. పుణె బస్తీ భాషలో ర్యాప్ చేసే ఎంసీ స్టాన్ 2023 ఫిబ్రవరిలో హిందీ బిగ్‌బాస్ 16వ సీజన్ గెలిచాడు. ఓట్లేసిన పిల్లలకు అతని మాట తీరు కొరుకుడుపడనిదేమీ కాలేదు, అది తమ మాటే అనుకున్నారు. మన దగ్గర మంగళ్‌హాట్ రాహుల్ సిప్లిగంజ్ ర్యాపర్ కాదు, గాయకుడు. అయినా దారి అదే. హైదరాబాదీ గల్లీ మాటలతో ప్రైవేటు పాటలు యూట్యూబ్‌లో పెట్టుకుంటూ వచ్చి, 2019లో తెలుగు బిగ్‌బాస్ గెలిచి, 2023లో ఆస్కార్ వేదిక దాకా వెళ్లాడు.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. హనుమాన్‌కైండ్ మలయాళీ, ఉండేది బెంగళూరు, ర్యాప్ చేసేది ఇంగ్లిష్‌లో. 2024లో అతని పాట ప్రపంచమంతా తిరిగింది. కానీ ఆ వీడియోలో కనిపించేదేమిటి? కేరళలోని పొన్నానిలో మృత్యుకూపం గోడల మీద బండ్లు తిప్పే మనుషులు. మన జాతర్లలో కూడా చూస్తుంటామే, అదే ఆట. భాష ఇంగ్లిషైనా చూపించింది ఊరినే. హిందీ, ఇంగ్లిష్ నీ నోట్లోంచి మామూలుగా వచ్చేవైతే కలుపుకో, వరంగల్ బస్టాండులో రెండూ వినబడతాయి. దోస్తు చెప్పాడని కలిపితే మాత్రం ముంబై, ఢిల్లీ వాళ్లతో పోటీ పడాల్సి వస్తుంది, అక్కడ నీకంటే బాగా చేసేవాళ్లు వందలమంది ఉన్నారు. వరంగల్ యాసకు మార్కెట్ చిన్నది, నిజమే. అందులో నిలబడ్డవాళ్లూ తక్కువే.

రాయడానికి సరుకు లేదని మాత్రం అనకు. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాడివి. కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ వస్తది, వస్తది అని మీ నాన్న వయసువాళ్లు ఎన్నేళ్లు విన్నారో ఆయన్నే అడుగు. 2023 జులై 8న ప్రధాని వచ్చి వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసి వెళ్లారు. ఆ నిరీక్షణ మీద ఒక్క పాట రాస్తే నీ వయసు పిల్లలతో పాటు వాళ్ల తండ్రులు కూడా వింటారు. నీ ప్యాసింజర్ రీల్‌లో నడిచిందీ ఇదే కదా, ఎదురుచూపు.

షో గురించి ఇంకొక్క మాట. నువ్వు పంపిన వీడియో చూశాను. బాగా చేశావు. కానీ 22 నిమిషాల్లో జనానికి నోరు తెరిచే చోటు ఒక్కటీ ఇవ్వలేదు. ఊపిరాడకుండా చదువుకుంటూ పోయావు, వాళ్లేమో ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడిపోయారు. మీ వైపు ఒగ్గు కథ చూసే ఉంటావు. ప్రధాన కథకుడు మాట వదలగానే పక్కవాళ్లు అందుకుంటారు, చూసేవాళ్ల నోటికి కూడా అది తెలియకుండానే వచ్చేస్తుంది. ప్రతి పాటలో జనం తిరిగి అనగలిగే ఒక్క లైను పెట్టు, నాలుగైదు మాటలు మించకుండా. అది అనేటప్పుడు బీట్ ఆపించు. వాళ్లు అనకపోతే ఇంకోసారి అడుగు, సిగ్గుపడకు. ఫోన్లో విన్న పాటకు, మనిషి ముందు నిలబడి విన్న పాటకు తేడా అక్కడే తెలుస్తుంది.

ఏజెన్సీ విషయానికొస్తే, గ్యారంటీ వ్యూస్ అంటే రెండే రకాలు. ఒకటి దొంగ వ్యూస్, మనుషులు కాకుండా బాట్లతో, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములతో కొట్టించేవి. యూట్యూబ్ పట్టుకుంటే వ్యూస్ కోసేస్తుంది, మరీ ఎక్కువైతే ఛానెలే పోతుంది. స్పాటిఫై అయితే అలాంటి స్ట్రీమ్స్ పట్టుబడినప్పుడు నీ పాటను అక్కడ పెట్టించే డిస్ట్రిబ్యూటర్ కంపెనీకి జరిమానా వేస్తోంది, వాళ్లు ఊరుకోక నీ పాటను దించేస్తారు. రెండో రకం, గూగుల్‌లో ప్రకటన ఇచ్చి తెప్పించేవి. ఇవి నిబంధనలకు లోబడినవే. కానీ ఛానెల్‌కు డబ్బు రావాలంటే కావాల్సిన 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటల లెక్కలో ప్రకటనల ద్వారా చూసిన గంటలు చేరవు. 2019 సెప్టెంబరు నుంచి యూట్యూబ్ తన మ్యూజిక్ చార్టుల లెక్కలోంచి కూడా ప్రకటన వ్యూస్‌ను తీసేసింది. 45 వేలు పెట్టి 10 లక్షలు కొన్నావే అనుకో, ఆ తర్వాతి షోకు కూడా 27 మందే వస్తే అప్పుడు నీకు పాట మీదే నమ్మకం పోతుంది. నాకు భయం డబ్బు గురించి కాదు, దాని గురించి. ఖర్చు పెట్టి తీరాలనిపిస్తే ఒక రెండు వేలు చాలు. షోకు వారం ముందు నీ లైవ్ క్లిప్ ఒకటి, హన్మకొండ, వరంగల్, కాజీపేట చుట్టుపక్కల వాళ్లకే కనిపించేలా బూస్ట్ చెయ్యి. ఎంతమంది చూశారన్నది వదిలెయ్, ఎంతమంది టికెట్ అడుగుతూ మెసేజ్ పెట్టారన్నది చూడు.

అన్న పుట్టినరోజు పాట గురించి నిన్ను తప్పుపట్టను. 30 వేలు నీకు చిన్న మొత్తం కాదు, అప్పు కూడా ఉందంటున్నావు. పైగా లీడర్ పాట డీజే బాక్సుల్లో గల్లీ గల్లీ తిరుగుతుంది, అంత ప్రచారం ఏ రీల్‌కూ రాదు. చిక్కేమిటంటే, ఆ రోజు నుంచి నువ్వు ఆయన మనిషివి. ఊళ్లో అవతలి పార్టీ పిల్లలు నీ షోకు రారు, రేపు ఆయన పార్టీ మారితే పాట నీ మెడకే చుట్టుకుంటుంది. మూడు రకాలుగా చేయొచ్చు. మర్యాదగా వద్దనొచ్చు, అప్పుడు ఆ 30 వేలకు వేరే దారి చూసుకోవాలి. సాహిత్యం రాసిచ్చి, గొంతు, మొహం, పేరు ఇంకెవరివైనా పెట్టుకొమ్మనొచ్చు, డబ్బు కొంచెం తగ్గినా నీ పేరు నీకు మిగులుతుంది. లేదా పేరుతోనే చేయొచ్చు. ఆయన మీద నీకు నిజంగా అభిమానం ఉంటే అందులో తప్పేం లేదు. ఏది చేసినా పాటను నీ ఛానెల్‌లో పెట్టకు. ఈ పుట్టినరోజుకు తప్ప ఎన్నికల ప్రచారానికి మళ్లీ వాడుకోకూడదని కాగితం మీద రాయించుకో. రాసివ్వమంటే మొహం చిట్లించారనుకో, మిగతాది నీకే అర్థమైపోతుంది. గణేశ్ మండపాల వాళ్లను కూడా అడిగి చూడు. ఇచ్చేది తక్కువే, కానీ మండపం ముందు అన్ని పార్టీల వాళ్లూ నిలబడతారు. సెప్టెంబరు 9న కాళోజీ జయంతికి తెలంగాణ భాషా దినోత్సవం చేస్తారు. యాసలో ర్యాప్ చేసే కుర్రాడికి పది నిమిషాలు ఇవ్వడానికి ఏదో ఒక కాలేజీ ఒప్పుకోకపోదు.

కరీంనగర్ అబ్బాయి మీద డిస్ వదిలితే నాలుగు రోజులు వ్యూస్ వస్తాయి. హిందీలో ర్యాపర్ ఎమివే బంటాయ్ 2018లో ఇంకో ర్యాపర్ రఫ్తార్‌తో మొదలుపెట్టిన గొడవ అతన్ని ఎంత పైకి లేపిందో నీకూ తెలుసు. కాబట్టి అది పనిచేయదని అబద్ధం చెప్పను. కానీ వాళ్లిద్దరి అభిమానులూ దేశమంతా ఉన్నారు. మీ ఇద్దరి జనం డెబ్భై కిలోమీటర్ల లోపలే ఉన్నారు, వాళ్లు పాటల్లో కాకుండా బస్టాండులో కొట్టుకునే ప్రమాదం ఉంది. కులం, ఇంట్లో ఆడవాళ్ల మాట ఒక్కటి దొర్లినా పోలీస్ స్టేషనే. నిన్ను అన్నాడన్న కోపం ఉంటే ఆటలోనే తీర్చుకో. జమ్మికుంటలోనో హుజూరాబాద్‌లోనో, ఇద్దరికీ మధ్యలో ఎక్కడైనా ఒక సైఫర్ (ర్యాపర్లు గుమిగూడి వంతులవారీగా పాడే ఆట) పెడదాం రా అని వాడి లైవ్‌లోనే పిలువు. వచ్చాడంటే ఇద్దరి జనం ఒకచోట చేరతారు. రాలేదంటే ఎగతాళి ఎవరిదవుతుందో చూద్దాం.

హైదరాబాద్‌కు మకాం మార్చడం ఇప్పుడే వద్దనిపిస్తోంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ ఎంత, ఎక్స్‌ప్రెస్ దొరికితే రెండు గంటలు. నీ 31 శాతం హైదరాబాద్ ఫాలోవర్లలో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగులకు వచ్చిన ఓరుగల్లు పిల్లలు బోలెడంతమంది ఉంటారని నా అంచనా. "వరంగల్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఎవరెవరు ఉన్నారు?" అని ఒక స్టోరీ పెట్టి చూడు. జవాబు ఇచ్చినవాళ్లను కూడా నీ ఊరివాళ్ల లెక్కలోనే వేసుకో. నెలకోసారి శనివారం వెళ్లి ఓపెన్ మైక్‌లో, అంటే ఎవరైనా వచ్చి పాడే వేదిక మీద పాడి, రాత్రికో తెల్లారో వచ్చెయ్యి. గది అద్దె, భోజనం మోసుకుంటూ పాటలు రాయడం ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లను నలుగురిని అడిగాక మకాం సంగతి ఆలోచించు.

ఒక చిన్న విషయం, నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. యూట్యూబ్‌లో ఉచితం అని రాసి ఉన్న బీట్ మీద అమ్మ పాట చేశానన్నావు. ఆ ఉచితం సాధారణంగా డబ్బు సంపాదించనంత వరకే. రేపు పాట నడిచిందనుకో, బీట్ చేసినవాడు అది తనదని క్లెయిమ్ వేయొచ్చు, వచ్చే రూపాయి అతనికి పోవచ్చు. లైసెన్స్ కొనుక్కో, బీట్ వాడుకోవడానికి ఇచ్చే మామూలు లీజు మరీ ఖరీదేం కాదు. లేదంటే నీ బీట్ మేకర్ దోస్తుతోనే చేయించుకో. ఎవరికెంత వాటా అన్నది ఇద్దరూ సంతకం పెట్టి ఒక కాగితం మీద రాసుకోండి, దోస్తు కాబట్టి మరీ ముఖ్యంగా.

నాన్నగారి పుస్తకాలను బల్ల మీద నుంచి తీయకు. ఆయన ర్యాప్‌కు శత్రువని నాకు అనిపించడం లేదు. నీ ఉత్తరంలోనే ఉంది, షో రోజు కేఫ్ బయట బండి మీద కూర్చుని పాట అయిపోయేదాకా ఉన్నారని. ఆయన భయం అప్పు గురించి. ఎంత పెట్టావు, ఎంత వచ్చింది, ఎవరికి ఎంత బాకీ, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి ఆయన ముందు పెట్టు. ఏడాది గడువు అడుగు. ఈలోగా నోటిఫికేషన్ వస్తే ఫీజు కట్టి పరీక్ష రాయి. రాస్తే పోయేదేం లేదు, ఉద్యోగం వచ్చినా ఆదివారాలు నీవే. ఏడాది తర్వాత ఆ వాట్సాప్ గ్రూపులో 11 మంది 200 మంది అయ్యారా, సొంత షో పెట్టుకుంటే జేబులోంచి పోకుండా ఉందా అన్నవి ఇద్దరూ కూర్చుని చూడండి. అప్పుడు మకాం గురించి, ఉద్యోగం గురించి మాట్లాడుకోవడానికి చేతిలో లెక్క ఉంటుంది.

ఏజెన్సీ వాళ్లు శుక్రవారంలోగా 10 వేలు అడ్వాన్సు వెయ్యమన్నారని రాశావు. అది వేయకు. మిగతావి నిదానంగా ఆలోచించుకో.